కొత్త రన్‌వే: "సగటున 3 డెసిబెల్సే పెరుగుతుంది" అంటే నమ్మొచ్చా? కిటికీలు మారిస్తే చాలా?

ప్రశ్న (కాలనీవాసి)

రెండో రన్‌వే మీద వచ్చిన పర్యావరణ నివేదికలో మా కాలనీకి పగటి సగటు 57 నుంచి 60 డెసిబెల్స్‌కు పెరుగుతుందని రాశారు. పక్కనే "3 డెసిబెల్స్ తేడా చెవికి పెద్దగా తెలియదు" అని ఒక వాక్యం. ఇళ్లు రన్‌వే మొదలుకి 5 కిలోమీటర్ల దూరంలో, విమానాలు దిగే దారి కిందే ఉన్నాయి. ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి? డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టిస్తే సరిపోతుందా?

జవాబు (శబ్దలెక్క)

ఆ వాక్యాన్ని అస్సలు వదలకండి. ఒకే మోత 3 డెసిబెల్స్ పెరిగితే చెవికి అంతగా తెలియదన్నది నిజమే. కానీ ఇక్కడ పెరిగేది మోత కాదు, విమానాల సంఖ్య.

ఒక విమానం దాటిపోయేటప్పుడు వచ్చే శబ్దశక్తి మొత్తాన్ని ఒక్క సెకనులోకి కుదిస్తే వచ్చే అంకె ఎస్‌ఈఎల్. అది 85 అనుకోండి. పగలు 16 గంటల్లో 100 విమానాలు వస్తే 85 + 20 − 47.6 = 57.4. (డెసిబెల్ లెక్కలో వంద విమానాలంటే 20 కలపడం, 16 గంటల్లోని 57,600 సెకన్లకు పంచడమంటే 47.6 తీసేయడం.) 200 వస్తే 60.4. అంటే తొమ్మిదిన్నర నిమిషాలకొకటి వచ్చేది ఇక ఐదు నిమిషాల లోపే వస్తుంది. పాఠం చెప్పే టీచరు మాట ఆపాల్సిన సార్లు రెట్టింపవుతాయి. ఆ సంగతి సగటులో కనిపించదు.

అందుకే ఎన్70 మ్యాపు అడగండి: రోజుకు ఎన్నిసార్లు 70 డెసిబెల్స్ దాటుతుందో అది చెబుతుంది. రాత్రికి వేరే మ్యాపు, ఒక్కో విమానం గరిష్ఠ స్థాయితో సహా కావాలి. ఇంకొకటి, చాలామంది అడగనిది: విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి కొన్ని రోజులు మీ వైపు నుంచి, కొన్ని రోజులు అవతలి వైపు నుంచి వస్తాయి. ఏడాది సగటులో మీ మీదుగా ఒక్కటీ రాని రోజులు కూడా కలిసిపోతాయి. మీ వైపు నుంచి దిగే రోజుకు విడిగా అంకెలు ఇమ్మనండి.

పోల్చుకోవడానికి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు విమానాల శబ్దం ఎల్‌డెన్ కొలతలో 45, రాత్రి 40 డెసిబెల్స్ లోపు ఉండాలంటాయి. ఎల్‌డెన్ అంటే 24 గంటల సగటు; అందులో సాయంత్రం విమానాలకు 5, రాత్రివాటికి 10 అదనంగా కలుపుతారు. మీ నివేదికలోని పగటి సగటును నేరుగా దానితో పోల్చకూడదు.

జవాబు (గ్లైడ్‌స్లోప్)

"మరింత ఏటవాలుగా దించుతాం" అని హామీ ఇస్తే లెక్క చూసుకోండి. మామూలు 3 డిగ్రీల వాలులో కిలోమీటరుకు 52 మీటర్ల చొప్పున, రన్‌వే మొదలు దాటేటప్పుడు ఉండే 15 మీటర్లూ కలిపితే, మీ ఇళ్ల మీద ఎత్తు సుమారు 275 మీటర్లు. 3.2 డిగ్రీలైతే ఇంకో 17 మీటర్లు. దాంతో తగ్గేది ఒక డెసిబెల్ కూడా ఉండదు. ఆగకుండా నిదానంగా దిగే పద్ధతి మంచిదే, కానీ దాని లాభం దూరపు ఊళ్లకు. 5 కిలోమీటర్ల దగ్గర అన్నీ ఒకే వాలు మీద ఉంటాయి.

మీకు నిజంగా పనికొచ్చేవి రెండు. రాత్రి నిషేధం: ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011లో కొత్త రన్‌వేతో పాటే రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు నిషేధం వచ్చింది. వంతులు: లండన్ హీత్రోలో మధ్యాహ్నం 3 గంటలకు దిగే రన్‌వే మారుస్తారు, కింద ఉన్నవాళ్లకు రోజులో సగం ఊపిరి దొరుకుతుంది. ఏది ఒప్పుకున్నా గంటలు, విమానాల సంఖ్య అనుమతి పత్రంలో షరతుగా ఉండాలి. "సాధ్యమైనంత వరకు" అని రాస్తే ఒప్పుకోవద్దు.

జవాబు (కిటికీపని)

బజారులో దొరికే 4 మి.మీ. గాజు, 12 మి.మీ. ఖాళీ, మళ్లీ 4 మి.మీ. గాజు వేడిని ఆపడానికి. అది 245 హెర్ట్జ్ దగ్గర తనే కంపిస్తుంది, విమానం గుర్రుమనే మోత ఆ చుట్టుపక్కలే ఎక్కువ. ఉన్న కిటికీని ఉంచి, లోపలివైపు కనీసం 100 మి.మీ. వదిలి రెండో కిటికీ పెట్టండి. ఒక గాజు 6, ఇంకొకటి 4 మి.మీ. అయితే ఆ కంపనం 80 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మందాలు వేరుగా ఉండటం వల్ల రెండూ ఒకే స్వరాన్ని లోపలికి వదలవు.

అయితే ముందు సందులు మూయండి. గోడలో ఒక శాతం తెరిచి ఉంటే, మిగతాది ఎంత మందమైనా 20 డెసిబెల్స్ కంటే ఆపలేదు. తలుపు కింది సందు, ఏసీ పైపు రంధ్రం, ఫ్రేముకీ గోడకీ మధ్య ఖాళీ చూడండి. వాటిలో ఫోమ్ కొట్టి వదిలేస్తారు, దానికి బరువు లేదు కాబట్టి శబ్దం ఆగదు. గట్టిపడని సీలెంట్ వాడండి. కిటికీలు మూశాక గాలి కావాలి కాబట్టి లోపల మెత్తటి పొరతో, వంపు తిరిగిన గాలి గొట్టం తప్పనిసరి. అది లేకపోతే వారంలో కిటికీ మళ్లీ తెరుస్తారు, ఖర్చంతా వృథా.

రేకు లేదా పెంకు కప్పైతే కిటికీ కంటే ముందు పైకప్పు చూడాలి: 100 మి.మీ. ఖనిజ ఉన్ని, కింద రెండు పొరల జిప్సం బోర్డు, ఒక పొర అతుకుల మీద రెండో పొర అతుకులు పడకుండా.

ప్రశ్న (కాలనీవాసి)

పని మొదలుకాకముందే మేమూ కొలిచి పెట్టుకోవచ్చా?

జవాబు (శబ్దలెక్క)

తప్పకుండా. ఫోన్ యాప్ కాదు, క్లాస్ 2 ఖచ్చితత్వం ఉన్న శబ్ద మీటరు అద్దెకు తీసుకోండి. మొదలుపెట్టేముందు, అయ్యాక సరిగ్గా 94 డెసిబెల్స్ శబ్దం ఇచ్చే కాలిబ్రేటర్‌తో సరిచూసి రెండు అంకెలూ రాయండి. మైక్‌కి గాలి తొడుగు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తు, గోడలకు 3.5 మీటర్ల దూరం. గోడకు దగ్గరైతే ప్రతిధ్వని 3 డెసిబెల్స్ దాకా కలుపుతుంది, ఆ ఒక్క కారణంతో మీ కొలత మొత్తం కొట్టేస్తారు. గాలి సెకనుకు 5 మీటర్లు దాటిన రోజు వద్దు. విమానాలు మీ వైపు నుంచి దిగే రోజులు, అవతలి వైపు నుంచి దిగే రోజులు రెండూ నమోదులో ఉండాలి.