“గంగ విడుము” అనాలా, “గంగను విడు” అనాలా?

ప్రశ్న: అమెరికాలోని నెవాడా ఉత్తరాన బ్లాక్ రాక్ ఎడారి చుట్టుపక్కల పశువుల మేత నేలలను చూపే పాత యు.ఎస్.జి.ఎస్. (అక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) పటం (1:24,000 స్కేలు) ఒకటి చూస్తుంటే “సిరిగలవానికి చెల్లును” అనే శ్రీనాథుని చాటువు (దాహానికి నీళ్ళు దొరక్క శివుణ్ణి ఎత్తిపొడుస్తూ చెప్పాడంటారు) నోట మెదిలి, చివరి పాదం దగ్గర తడబడింది. పటం నిండా నేల ఎత్తును చూపే గోధుమరంగు కాంటూరు రేఖలే. నీటి జాడ అంటే గీతలుగా, చుక్కలుగా తెగిపోయే నీలి వరుసలు, అంటే ఏడాదిలో కొంతకాలమే పారే వాగులు. “పరమేశా గంగను విడు పార్వతి చాలున్” అని నాకు వస్తోంది. సరైన పాఠం ఏది?

జవాబు 1: వాడుకలో ఉన్నది “గంగ విడుము”. అయితే దీనికి ఛందస్సును సాక్ష్యం పిలవకండి. ఈ పద్యం కందం; కందంలో చివరి రెండు పాదాలకు కలిపి లెక్కించే ఎనిమిది గణాల్లో ఆరవది నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి. “గవిడుము”, “గనువిడు” రెండూ నలమే.

జవాబు 2: అయితే అర్థమే తేల్చాలి. కాలువ కింది రైతు “నీళ్ళు వదిలారా?” అంటాడే గాని “నీళ్ళను” అనడు. “ను” చేరితే సవతిని వదిలెయ్యమన్న అర్థమే మిగులుతుంది, నీరు వదలమన్న శ్లేష పలచబడుతుంది. దాహంతో ఉన్న కవి “ను” పెట్టడు.

జవాబు 3: అసలు చిక్కు “తిరిపెమున కిద్దరాండ్రా” దగ్గర ఉంది. తిరిపెమంటే భిక్ష, భిక్షకు ఇద్దరు భార్యలేమిటి? ఎత్తేవాణ్ణి ఎత్తే వస్తువు పేరుతోనే పిలిచి శివుణ్ణి దులిపేయడం శ్రీనాథుడికే చెల్లింది. “చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు” అని పల్నాటిని ఏకరువు పెట్టినది కూడా ఆ నోరే కదా.

జవాబు 4: ఆ పటం మీద చాటువు తిరగబడుతుందని నా అభిప్రాయం. పార్వతి కొండ కూతురు; అక్కడ కొండలకు కొదవ లేదు. క్విన్ నది సముద్రం చేరకుండా ఆ ఎడారిలోనే ఇంకిపోతుంది. కొండ అడుగున ఊట ఎవరి చేతిలో ఉంటే చుట్టూ మేత కూడా దాదాపు వారిదే. 1934 నాటి టేలర్ మేత చట్టం వచ్చాక ప్రభుత్వ భూమిలో మేపడానికి అనుమతి పత్రం కావలసి వచ్చినా, నీరు లేని మేత ఎవరికీ పనికిరాదు. అక్కడి ఆసామి “పరమేశా పార్వతి విడు గంగ చాలున్” అంటాడు.

జవాబు 1: ఒక మాత్ర తగ్గింది, యతి కూడా పోయింది.

జవాబు 4: “గంగయె చాలున్” అంటే మాత్ర సరిపోతుంది. యతిని మీరే కాపాడండి.