కుందేళ్లకి, కుక్కకి వాడేసిన ప్లాస్టిక్ బాటిళ్లలో నీళ్లు పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక కుక్క, రెండు కుందేళ్లు ఉన్నాయి. ఖాళీ వాటర్ బాటిళ్లు కడిగి, స్టీలు గొట్టం ఉన్న మూత బిగించి కుందేళ్ల బోనుకి తగిలిస్తున్నాం. కుక్కకి అదే బాటిల్‌ని కోసి గిన్నెలా పెడుతున్నాం. ఇది ఎంతవరకు సేఫ్?

బాటిళ్ల అడుగున త్రికోణంలో 1 అని ఉంది, అంటే పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్. బీపీఏ అనే రసాయనం సమస్య ముఖ్యంగా పాలీకార్బొనేట్ అనే వేరే రకం గట్టి ప్లాస్టిక్‌తో అని తెలుసు. కానీ ఈ PET ప్లాస్టిక్ తయారీలో వాడే ఆంటిమొనీ అనే లోహంలాంటి మూలకం, బాటిల్ బాగా వేడెక్కితే కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుందట. బోను మీద మధ్యాహ్నం ఎండ పడుతుంది, అందుకే అడుగుతున్నా.

నిజానికి నాకు రసాయనాల కన్నా పాకుడంటేనే ఎక్కువ టెన్షన్. కడగడం కాస్త ఆలస్యమైతే చాలు, లోపల వేలికి జిగటగా తగులుతుంది, మెడ దగ్గర పచ్చటి చార కడుతుంది. మూతి సన్నం కాబట్టి బ్రష్ అడుగు దాకా పోదు. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ బ్యాక్టీరియా చేరుతుంది. మరిగే నీళ్లు పోద్దామంటే బాటిల్ ముడుచుకుపోతుంది. గొట్టం కొసన నీళ్లు కారకుండా ఆపే చిన్న బాల్ వెనక ఏం పేరుకుందో కనిపించదు కూడా.

కుక్క విషయంలో స్టీలు గిన్నెకి మారిపోతాం, ప్లాస్టిక్ అంచులు కొరికి ముక్కలు మింగితే ప్రమాదం. కుందేళ్లు మాత్రం గిన్నె పెడితే బోర్లా పడేస్తాయి. వాటికి బరువైన పింగాణీ గిన్నె మంచిదా, గాజు బాటిలా? బాటిలే వాడాల్సి వస్తే ఎన్నాళ్లకి పారేయాలి? కడగడానికి వెనిగర్ సరిపోతుందా? కుందేళ్లు పెంచేవాళ్లు, పశువైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.