షోరూమ్ ఇన్సూరెన్స్ తీసుకోకుంటే డిస్కౌంట్ కట్ అంట, ఒప్పుకోవాల్నా వద్దా?

తిరుచానూరోడు:
అన్నలకు అక్కలకు నమస్తే. కొత్త కారు చూస్తా ఉండాం, చిన్న ఎస్‌యూవీ, పెట్రోలు, 1200 సీసీ లోపలిదే, ఎక్స్ షోరూమ్ 9.48 లక్షలు. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ పక్కన పెట్టండి, అది గవర్నమెంటుకు పొయ్యేది, దాంట్లో బేరం లేదు. కొటేషన్లో మిగతాది ఇట్లుంది: ఇన్సూరెన్స్ 52,400, ఆక్సెసరీస్ ‘బేసిక్ కిట్’ 24,000, హ్యాండ్లింగ్ 8,500, ఎక్స్‌టెండెడ్ వారంటీ 16,000. డిస్కౌంట్ 30,000 అన్నాడు, అందులో గవర్నమెంటు ఎంప్లాయీ అని నాకిచ్చే 5,000 కలిపే.

ఇన్సూరెన్స్ మాత్రం ఎక్కువనిపించి బయట అడిగినా. అదే కారు, అదే జీరో డెప్ (పార్టుల పాతదనం లెక్క కట్ చేయకుండా క్లెయిమ్ ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్ళు పోయి ఇంజిన్ చెడినా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (బండి మొత్తం పోతే కొన్న ధర ఇచ్చేది) అన్నీ వేసి 37,800 చెప్పినారు. ఈ మాట షోరూమ్‌లో చెప్తే ఆ పిల్లోడు నవ్వి ‘తీసుకోండి సార్ మీ ఇష్టం, అట్లయితే డిస్కౌంట్ 15,000 మాత్రమే’ అన్నాడు. ఇది న్యాయమేనా? ఒప్పుకోవాల్నా, గట్టిగా కూర్చోవాల్నా?

పాత ఏపీ03:
ఒప్పుకోవద్దు. ఇన్సూరెన్స్ అమ్మే డీలర్లకు, ఇన్సూరెన్స్ రంగాన్ని చూసుకునే గవర్నమెంటు సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్స్ పెట్టింది, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నాయి, మా దగ్గరే తీసుకో అని కస్టమర్‌ని బలవంతం చేసేదానికి లేదు. ‘ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే డిస్కౌంట్ తగ్గిస్తాం’ అనే ముక్క కాగితం మీద రాసిమ్మను, రాయడు. రాయలేని మాట నోటితో ఎట్ల చెప్తాడు? కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉండాది, ఒక్క ఫోన్ కొట్టు.

మాజీ సేల్స్:
నేను నాలుగేళ్ళు ఇదే పని చేసినాను (తిరుపతిలో కాదు, వేరే ఊర్లో), కాబట్టి కొంచెం లోపలి సంగతి చెప్తాను, తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి.

చిన్న కారు అమ్మితే షోరూమ్‌కు మిగిలేది మీరు అనుకునేంత ఉండదు. ఆ పెద్ద అద్దాల బిల్డింగ్ అద్దె, జీతాలు, డెమో కార్లు, స్టాకు మీద బ్యాంకు వడ్డీ, అన్నీ దాంట్లోనే. అసలు డబ్బు వచ్చేది ఇన్సూరెన్స్ కమిషన్, ఆక్సెసరీస్, లోను ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చేది, వారంటీ, తర్వాత సర్వీసు. డిస్కౌంట్లో కొంత కంపెనీది, కొంత డీలర్ జేబులోది. కంపెనీ స్కీములో ఉన్నది కట్ చేసేదానికి డీలర్‌కు హక్కు లేదు, అది మీకు రావాల్సిందే. తన జేబులోది మాత్రం ఇన్సూరెన్స్ మీద వచ్చేది చూసుకునే ఇస్తాడు. అది బలవంతం కాదు, బేరం. కాబట్టి నువ్వు అడగాల్సింది న్యాయమా అని కాదు తమ్ముడూ, ఆ 30,000లో కంపెనీది ఎంత, మీది ఎంత అని విడగొట్టి చెప్పమను. అక్కడే వాళ్ళ నోరు పడిపోతుంది.

ఇంకొకటి, ఆ సేల్స్ పిల్లోణ్ణి తిట్టొద్దు. ఇన్సూరెన్స్, కిట్ చేయించకుంటే నెలాఖర్లో మేనేజర్ ముందర నిలబడేది వాడే.

పాత ఏపీ03:
వాళ్ళ బిల్డింగ్ అద్దె నేనెందుకు కట్టాల్నయ్యా.

మాజీ సేల్స్:
కూరగాయల అంగట్లో కూడా మీరే కడతా ఉన్నారు సార్, బిల్లులో రాయరు అంతే.

గాంధీ రోడ్డు:
ఒరే అబ్బాయిలూ ఎవరన్నా లెక్క చూసినారా. బయట తీసుకుంటే మిగిలేది 14,600. పొయ్యేది 15,000. అంటే బయట తీసుకుంటే వీడికి 400 నష్టం. దీనికోసం ఐఆర్‌డీఏఐ, 1915!! 😂

తిరుచానూరోడు:
అయ్యో, నేను ఇట్ల కలిపి చూడనేలేదు.

గాంధీ రోడ్డు:
వాడు చూసినాడు కదా, అందుకే నవ్వినాడు.

చెన్నై బైపాస్:
నేను చెన్నైలో తీసుకున్నా. ఇక్కడ రేణిగుంట రోడ్డులో చెప్పిందానికన్నా అక్కడ 38,000 తక్కువ. టెంపరరీ నంబరు వేయించుకోని, ఫారం 20, 21, 22 (రిజిస్ట్రేషన్‌కు కావాల్సిన కాగితాలు) అన్నీ జాగర్తగా పెట్టుకోని, నగరి పుత్తూరు మీదుగా నేనే నడుపుకోని వచ్చేసినా. టాక్స్ మాత్రం ఎక్కడ కొన్నా మన రాష్ట్రానిదే కట్టల్ల, దాంట్లో మిగిలేది లేదు. అయితే అన్ని షోరూములూ వేరే రాష్ట్రం అడ్రస్‌కు అమ్మరు, నాకు మూడో దాంట్లో ఒప్పుకున్నారు. అక్కడికి రెండుసార్లు పోయి రావడం, ఇక్కడ ఆర్టీఏ పనికి రెండు రోజులు లీవు, లెక్కేస్తే మిగిలింది పాతిక వేలు అనుకో. పాతిక వేలకు ఇంత తిరుగుడా అంటే, నేను తిరుగుతా. మీరు తిరగలేకుంటే ఊరికే ‘చెన్నైలో తక్కువిస్తా ఉండారు’ అని బెదిరించొద్దు. ఇక్కడివాళ్ళకు ఆ మాట రోజుకు పదిసార్లు వినేది అలవాటే, చెన్నై కొటేషన్ కాగితం చేతిలో ఉంటేనే మేనేజర్ లేచొస్తాడు.

కోడూరు కోడలు:
నా అనుభవం వేరే. షోరూమ్‌కు పోతే నేను అడిగిన దానికి జవాబు మా ఆయనకు చెప్తా ఉన్నారు! మైలేజీ నేనడిగితే ఆయన్ని చూసి చెప్పడం, ఇఎంఐ నేనడిగితే ఆయన్ని చూసి చెప్పడం. కారు నడిపేది నేను, డబ్బు నాది, మా ఆయనకు లైసెన్సు కూడా లేదు. ఇంగ లాభం లేదని ఇంటికొచ్చి మూడు ఊర్ల షోరూములకు, తిరుపతి, చిత్తూరు, కడప, ఒకే మెసేజ్ వాట్సాప్‌లో పెట్టినా: ఈ మోడల్, ఈ రంగు, ఆన్ రోడ్ మొత్తం ఎంత, ఒక్కో లైనూ విడివిడిగా రాసి పంపండి, ఫోన్ చెయ్యొద్దు అని. ఒకరు ఫోన్ చేసినారు, వాళ్ళను వదిలేసినా. మిగిలిన ఇద్దరిదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరికి డిస్కౌంట్ ఎక్కువ, కానీ కిట్ 31,000! ఇంకొకరికి డిస్కౌంట్ తక్కువ, కిట్ లేదు. చివరి అంకె తప్ప ఏ లైనూ నమ్మకండి అక్కలారా. తమ్ముడూ నువ్వు ఇన్సూరెన్స్ దగ్గర కూర్చోని కొట్టుకుంటా ఉండావు, ఆ 24,000 కిట్టులో ఏముందో అడిగినావా?

తిరుచానూరోడు:
అడిగినా అక్కా. ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీట్ కవర్లు, బాడీ కవరు, డోరుకు క్రోమ్ ముక్కలు, పర్ఫ్యూమ్ బాటిల్ ఒకటి, గణపతి బొమ్మ ఒకటి.

గాంధీ రోడ్డు:
కాణిపాకం పక్కనే పెట్టుకోని గణపతిని షోరూమ్‌లో కొంటావా నాయనా.

పాత ఏపీ03:
హ్యాండ్లింగ్ 8,500 అంటే ఏం హ్యాండిల్ చేసినారో అడుగు. గవర్నమెంటు ఫీజుల్లో అట్లాంటిది ఏదీ లేదు. ఇన్‌వాయిస్‌లో ఏ పేరుతో చూపిస్తారో చెప్పమను. నేను అడిగితే ‘స్టాక్‌యార్డ్ నుంచి షోరూమ్‌కు తెచ్చే ఖర్చు సార్’ అన్నారు. అంగట్లో సరుకు అంగటికి తెచ్చుకునే ఖర్చు కొనేవాడి మీదనా!

మాజీ సేల్స్:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. హ్యాండ్లింగ్ గట్టిగా అడిగినోళ్ళకు తీసేస్తారు, అడగనోళ్ళకు ఉంటుంది. మేము కూడా అంతే చేసేవాళ్ళం.

సెల్లార్ బాధితుడు:
ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకున్నా పర్లేదు గానీ ఏముందో చదవండి. 2021 నవంబర్ వాన గుర్తుందా, ఘాట్ రోడ్లు మూసేసినారు, టౌన్‌లో వీధులు కాలవలైపోయినాయి, అప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు డోరు హ్యాండిల్ దాకా మునిగింది. నీళ్ళు పోయినాక నేనేం చేసినా, బుద్ధి లేక తాళం తిప్పి స్టార్ట్ చేసినా. ఇంజిన్లోకి నీళ్ళు లాక్కోని పట్టేసింది. బయట చవకగా వస్తాదని నాలుగు వేలు మిగుల్చుకోని ఇంజిన్ ప్రొటెక్ట్ లేని పాలసీ తీసుకోనుంటి. మునిగినందుకు సీట్లు, వైరింగు ఇచ్చినారు, ఇంజిన్ మాత్రం నా చేతిది. తప్పు పాలసీ అమ్మినోడిది కాదు, నాది. అందుకే 52,400కీ 37,800కీ మధ్య తేడా కమిషన్దా, కవర్దా, రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడు. ఐడీవీ, అంటే పాలసీలో బండికి వేసిన విలువ, అది కూడా చూడు, బయటోడు బండి విలువ తక్కువ వేసి ప్రీమియం తగ్గించి చూపించే ఆట ఒకటుంది.

తిరుచానూరోడు:
ఇప్పుడే చూసినా అన్నా. ఐడీవీ రెండింట్లోనూ దగ్గర దగ్గర ఒకటే. కవర్లు అన్నీ ఒకటే.

పాలసీ కాగితం:
థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) లైను కూడా చూసుకో. కొత్త కారుకు మూడేళ్ళది ఒకేసారి కట్టల్ల, 2018 సెప్టెంబర్ నుంచి అట్ల. 1000 నుంచి 1500 సీసీ మధ్య బండికి 2022లో పెట్టిన రేటు 10,640, పైన జీఎస్టీ. అది ఏ కంపెనీలో తీసుకున్నా అంతే, తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన బండికయ్యే నష్టానికి) దగ్గరే. సరే గానీ, ఇంట్లో పాత కారు ఏమన్నా ఉండాదా?

తిరుచానూరోడు:
ఆల్టో ఉంది, 2011ది, మా నాయన పేరు మీద. ఒక్కసారి కూడా క్లెయిమ్ చేయలా.

పాలసీ కాగితం:
చూసినావా! ఇంత పెద్ద చర్చలో ఎవరూ అడగలేదు, షోరూమోడు అసలే అడగడు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మనిషిది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుంటే 50 శాతానికి వస్తాది, మీ నాయనకు ఎప్పుడో వచ్చుంటాది. పాత కంపెనీ దగ్గర లెటర్ తీసుకోని కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వాడుకోవచ్చు, మీ లెక్కలో పది వేల దాకా తేడా రావచ్చు. షోరూమ్ పాలసీకీ పనికొస్తాది, బయటదానికీ పనికొస్తాది. ఒక షరతు, కొత్త కారు కూడా మీ నాయన పేరు మీదే ఉండల్ల.

తిరుచానూరోడు:
నాయన పేరు మీద అంటే నా ఎంప్లాయీ డిస్కౌంట్ 5,000 పోతాది కదన్నా. లోను కూడా నా జీతం మీద.

పాలసీ కాగితం:
5,000 పోయి పది వేలు వస్తే నష్టమా? లోనుకు మీ నాయన్ని కూడా కలిపి పెట్టమని బ్యాంకులో అడుగు.

పుత్తూరు జంక్షన్:
అసలు ఇప్పుడు డిస్కౌంట్ అడిగితే ‘జీఎస్టీ తగ్గింది కదా సార్, ఇంకేం కావాల’ అంటా ఉండారు. తగ్గించింది గవర్నమెంటు, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కారుకు సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 శాతం అయింది. వీళ్ళ జేబులోంచి పోయింది ఏముంది దాంట్లో? వాళ్ళే ఇచ్చినట్టు చెప్తారు, మనం కూడా తల ఊపుతాం. ఆగి నెలాఖరుకు పో తమ్ముడూ, టార్గెట్టు పూర్తి కాకుంటే వాళ్ళే ఫోన్ చేస్తారు.

తిరుచానూరోడు:
ఆగేదానికి లేదన్నా, పదహారో తేదీ ముహూర్తం. మా అమ్మ షోరూమ్‌లోనే ఆ పిల్లోడికి చెప్పేసింది, ‘బాబూ పదహారో తేదీ పొద్దున తొమ్మిదిన్నర లోపల బండి కాణిపాకంలో ఉండల్ల’ అని.

మాజీ సేల్స్:
అయిపోయింది. ముహూర్తం చెప్పిన కస్టమర్ పేరు పక్కన మేము చిన్న చుక్క పెట్టుకునేవాళ్ళం.

కోడూరు కోడలు:
అయినా పర్లేదు తమ్ముడూ. చిత్తూరులో అదే కారు అదే రంగు స్టాకులో ఉందేమో కనుక్కో, అక్కడ్నించి కాణిపాకం ఇంకా దగ్గర. ఆ మాట ఇక్కడ చెప్పు. డబ్బు మొత్తం కట్టే ముందర చాసిస్ నంబరు తీసుకోని కారు చూడు, ఫారం 21లో (షోరూమోడిచ్చే సేల్ సర్టిఫికెట్) తయారైన నెల రాసుంటాది, తొందరలో పాత స్టాకు అంటగట్టేస్తారు.

తిరుచానూరోడు: (నాలుగు రోజుల తర్వాత)
అప్‌డేట్ ఇస్తా ఉన్నా. అక్క చెప్పినట్టే చిత్తూరులో అడిగితే ఒక కారు ఉంది, కొటేషన్ వాట్సాప్‌లో పంపించినారు. అది తీసుకోని ఇక్కడ మేనేజర్ దగ్గర కూర్చున్నా, లైన్ల గురించి మాట్లాడకుండా చివరి అంకె మాత్రమే మాట్లాడినా. హ్యాండ్లింగ్ తీసేసినాడు. కిట్టులో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు ఉంచి మిగతావి తీసేస్తే 24,000 కాస్తా 6,200 అయింది. గణపతి బొమ్మ ఊరికే ఇచ్చినాడు. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకుంటా, బయట రేటుకు దగ్గరగా రా అంటే 52,400 నుంచి 43,000కు దిగినాడు, డిస్కౌంట్ 30,000 అట్లే ఉంది. వారంటీ తీసుకున్నా, అది నా ఇష్టంతోనే. మొత్తం మీద 35,700 తగ్గింది.

పాత ఏపీ03 అన్నా, కోప్పడొద్దు, 1915కు చేయలా.

పాత ఏపీ03:
కోపం లేదబ్బా. కానీ తొమ్మిది వేల చిల్లర తగ్గించగలిగినోడు మొదట 52,400 ఎందుకు చెప్పినాడు అనేది నా ప్రశ్న, దానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలా.

పాలసీ కాగితం:
బోనస్ సంగతి ఏమైంది? నాయన పేరు మీదేనా?

తిరుచానూరోడు:
అక్కడే ఆగిపోయిందన్నా. నాయన పేరు మీద పెట్టేదానికి బ్యాంకోళ్ళు ఒప్పుకున్నారు, నేనూ సరే అన్నా. తీరా ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే ఆల్టో అమ్మినట్టు కాగితం చూపిస్తేనే లెటర్ ఇస్తాం అన్నారు. మా నాయన ‘ఆ బండి అమ్మేది లేదు, కావాలంటే నువ్వు కొత్తది మానుకో’ అని కూర్చున్నాడు. అమ్మకుండా బోనస్ వచ్చే దారి ఏమన్నా ఉందా?

పాలసీ కాగితం:
లేదు సామీ. ఒక బోనస్ రెండు బండ్లకు రాదు. ఆల్టో రెన్యువల్ ఎప్పుడు?

తిరుచానూరోడు:
వచ్చే నెల నాలుగో తేదీ. దానికి మాత్రం 50 శాతం వస్తా ఉంది చూడు అని పేపరు తెచ్చి నా ముందర పెట్టి పోయినాడు.