సముద్రపు గాలిలో పాత వాయుసేన విమానం: రంగు వేయించే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (కళాశాల అధ్యాపకుడు, అమలాపురం దగ్గర)

మా కళాశాల ముందు వాయుసేన సేవ నుంచి తప్పించిన కిరణ్ శిక్షణ విమానం ఒకటి ఉంది. ఇక్కడికి సముద్రం దూరమేమీ కాదు. రెక్కల అడుగున రంగు పొక్కులు లేచింది. గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతోంది. టైర్లు చదునై పగుళ్ళిచ్చాయి, కాక్‌పిట్ అద్దం మసకబారింది. వానలు మొదలయ్యేలోగా రంగు వేయించమని యాజమాన్యం అంటోంది. లారీలకు రంగులు వేసే మేస్త్రి వచ్చి చూశారు. గ్రైండరుతో గీకి, పుట్టీ పెట్టి, ఎనామిల్ కొడతానంటున్నారు. ఒప్పుకోవచ్చా? మా దగ్గరున్న డబ్బు తక్కువ.

జవాబు (విమానాల నిర్వహణలో పనిచేసి పదవీ విరమణ చేసిన సాంకేతికుడు, రాజమహేంద్రవరం)

మాస్టారూ, ముందు గ్రైండరును ఆపించండి. మేస్త్రి పనితనాన్ని తప్పుపట్టడం లేదు. లారీ బాడీకి పనికొచ్చే పద్ధతి ఈ లోహానికి పనికిరాదు.

విమానం పైరేకు చాలాచోట్ల బలమైన అల్యూమినియం మిశ్రమం. దాని మీద రక్షణగా శుద్ధ అల్యూమినియం పొర పలచగా ఉంటుంది. గ్రైండరు పెడితే ముందు పోయేది ఆ పొరే. ఇనుప బ్రష్షు, స్టీలు పీచు కూడా వద్దు. వాటి రజను లోహంలో గుచ్చుకుని, తడి తగిలినప్పుడల్లా అక్కడ లోహం కొత్తగా తినుకుపోవడం మొదలవుతుంది.

ఇంకో సంగతి మనుషుల ఆరోగ్యానిది. పాత విమానాల్లో రంగు కింద పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో కనిపించే ప్రైమరులో క్రోమేటు ఉంటుంది. దాని దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ముప్పు ఉంది. పిల్లలు తిరిగే ఆవరణలో దాన్ని పొడిగా గీకనే కూడదు. గీకక తప్పని చోట తడిపి, సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ గరుకు కాగితంతో, మంచి మాస్కు పెట్టుకుని, కింద పట్టా పరిచి చేయాలి. రాలినదంతా మూటగట్టి విడిగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే అప్పగించాలి. కాలువలో కలపకండి.

ఇక పొక్కుల విషయం. పైన ఎండకు వెలిసిన రంగు చూసి అందరూ కంగారుపడతారు గానీ, కోస్తాలో విమానం పాడయ్యేది కింది నుంచి, లోపలి నుంచి. పైభాగాన్ని వాన కడుగుతుంది. రెక్కల అడుగు, పొట్ట, చక్రాల గూళ్ళు వానకు తడవవు, అక్కడ ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. మీ పొక్కులు రెక్కల కిందే ఉండటానికి కారణం అదే. రేకుల షెడ్డు వేస్తే ఎండ బాధ తగ్గుతుంది. కానీ వాన కడగడం కూడా ఆగిపోతుంది కాబట్టి, షెడ్డు వేసినవాళ్ళు మరింత క్రమంగా కడగాలి.

అందుకే మీ డబ్బులో మొదటి రూపాయి నీళ్ళకు ఖర్చుపెట్టండి. బోరు నీళ్ళు వాడకండి, కోనసీమలో చాలా బోర్లు ఉప్పే. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్ళు పోసి లాభం లేదు. కుళాయి నీళ్ళు గానీ పట్టి ఉంచిన వాన నీళ్ళు గానీ తీసుకోండి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేస్తారు, ఆలోగా ట్యాంకు నింపి పెట్టుకోండి. ఘాటులేని ద్రవ సబ్బు, మెత్తటి స్పాంజి చాలు. బట్టల సోడా, బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూము కడిగే ఆసిడ్ దగ్గరికి రానివ్వకండి. లారీలు కడిగే ప్రెషర్ పంపు కూడా వద్దు, అది నీటిని అతుకుల్లోకి తోసేస్తుంది.

కడిగేటప్పుడు ఒకరిని విమానం కిందికి పంపండి. పొట్ట కింద, రెక్కల అడుగున పల్లంగా ఉన్నచోట్ల చిన్న రంధ్రాలుంటాయి. లోపల చేరిన నీరు బయటికి పోయే దారులు అవే. పాత రంగు, దుమ్ము, కందిరీగలు పెట్టే మట్టి గూళ్ళతో అవి మూసుకుపోయి ఉంటాయి. ప్లాస్టిక్ పుల్లతో ఒక్కొక్కటి తెరవండి, ఇనుప మేకుతో పొడవకండి. ఏది తెరిచినా నల్లటి నీళ్ళు కారాయంటే, ఆ భాగం ఇన్నాళ్ళూ లోపల నానుతోందని అర్థం. మేస్త్రి పుట్టీ పెట్టి ఉంటే ఈ రంధ్రాలన్నీ శాశ్వతంగా పూడిపోయేవి.

మరొకరు (పడవల మరమ్మతు పని, అంతర్వేది వైపు)

మా దగ్గర పడవల అడుగుకు వేసే రంగు మిగిలి ఉంది. సముద్రంలోనే నిలబడే రంగు కదా, విమానానికి ఉచితంగా ఇస్తాను. పనికొస్తుందా?

సాంకేతికుడు

మీ మంచి మనసుకు దండం. కానీ ఆ రంగు వద్దండీ. నాచు, గవ్వలు పట్టకుండా అడుగు రంగుల్లో సాధారణంగా రాగి సమ్మేళనం కలుపుతారు. రాగి తగిలిన అల్యూమినియం ఉప్పు తడిలో వేగంగా తినుకుపోతుంది. ఇత్తడి మరలు, రాగి తీగలతో కట్టడం కూడా అందుకే కూడదు. ఎపాక్సీ ప్రైమరు ఉంటే ఇవ్వండి, అది అక్షరాలా అక్కరకొస్తుంది. శుభ్రం చేసి ఆరిన లోహానికి ముందు అది, దాని మీద పాలీయురథేన్ రంగు. ఇంటి ఎనామిల్ నేరుగా వేస్తే రెండు వర్షాకాలాలు గడవకముందే పొరలుగా ఊడుతుంది.

అధ్యాపకుడు

మీరు చెప్పినట్టే కడిగించాం. పొట్ట కింద రంధ్రాల్లోంచి నీరు నిజంగానే కారింది. తోక దగ్గర ఒక స్టీలు మర చుట్టూ రేకు పొరలు పొరలుగా ఉబ్బి, తడిసిన సున్నంలా తెల్లగా ఊడి వస్తోంది. అక్కడ ఏం చేయాలి? అద్దాన్ని థిన్నరుతో తుడవమని ఒకరన్నారు.

సాంకేతికుడు

థిన్నరు, పెట్రోలు, కిటికీ అద్దాలు తుడిచే అమోనియా ద్రవం ఏదీ తగలనివ్వకండి. ఆ అద్దం గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. సన్నటి పగుళ్ళు వల అల్లినట్టు పాకితే ఇక బాగుచేయలేం. ముందు నీళ్ళు ధారగా పోసి దుమ్ము వదిలించి, మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఎండ తగలకుండా గాలి ఆడే తెల్లటి గుడ్డ తొడుగు వేయించండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల ఆవిరి పట్టి మరింత చెరుపు.

మర దగ్గర జరిగింది స్టీలు, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకడం వల్ల. ఆ మర తీసి, ఉబ్బిన భాగాన్ని నైలాన్ ప్యాడుతో తడిగా రుద్ది, ఎంత మందం పోయిందో చూడాలి. రేకు చిల్లు పడి ఉంటే ఫొటో పెట్టండి. కొత్త మర బిగించేటప్పుడు మధ్యలో తడి చొరకుండా పూసే సీలెంటు తప్పనిసరి. చక్రాల హబ్బుల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. చాలా విమానాల్లో అవి మెగ్నీషియం మిశ్రమం. వాటి రజను అంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ మంట పెరుగుతుంది. టైర్ల మీది బరువు తప్పించడానికి, జాకీ పెట్టడానికి నిర్దేశించిన చోట్లే స్టాండ్లు పెట్టించండి.

తుపాను సంగతీ ఆలోచించండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఏమైందో మీ ఊళ్ళో పెద్దలను అడగండి. కిరణ్ ఖాళీ బరువు సుమారు రెండున్నర టన్నులు, అదీ ఇంజనుతో కలిపి. ఇంజను తీసేసి ఉంటే ఇంకా తేలిక. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలు అవుతుంది, పైగా రెక్క ఉన్నదే పైకి లేవడానికి. నేలలో కాంక్రీటు దిమ్మెలు వేసి, సివిల్ ఇంజనీరు లెక్క ప్రకారం కట్టించండి. తోక మీద, రెక్కల మీద కదిలే పలకలను కదలకుండా బంధించండి.

అధ్యాపకుడు

రంగు ఎంపికలో యాజమాన్యం కళాశాల రంగులు వేయాలంటోంది.

సాంకేతికుడు

దయచేసి ఒప్పుకోకండి. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) రూపొందించిన ఈ విమానం 1964లో మొదటిసారి ఎగిరింది. మన వాయుసేన పైలట్లు తరాలుగా దీని మీదే నేర్చుకున్నారు. 1996 నుంచి 2011 దాకా వాయుసేన సూర్యకిరణ్ బృందం ఆకాశంలో విన్యాసాలు చేసింది దీని రెండో రకం మీదే. ఆ నంబరు, ఆ గుర్తులు చెరిపేస్తే అది ఏ విమానమో చెప్పే ఆధారం పోతుంది. రంగు తీయక ముందే ప్రతి అక్షరాన్నీ ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. విమానం ఇచ్చినప్పటి షరతులు చదవండి, మార్పులకు వాయుసేన అనుమతి అడగండి.

ఆ కాగితాలు చూసేటప్పుడే ఇంకొకటి వెతకండి. కిరణ్‌లో పక్కపక్కనే రెండు ఎజెక్షన్ సీట్లుంటాయి. పైలట్‌ను బయటికి విసిరేది మందుగుండు. ఆ మందుగుండును తీసేసినట్టు ధ్రువపత్రం ఉండాలి. అది చేతికొచ్చేదాకా కాక్‌పిట్ తెరవకండి, పిల్లలను ఎక్కనివ్వకండి, లోపల శుభ్రం చేయడానికి కూడా ఎవరినీ పంపకండి. దొరకకపోతే విమానం ఇచ్చిన విభాగానికి ఈ వారమే ఉత్తరం రాయండి. రంగు పని ఆ తర్వాత మొదలుపెడదాం.