బిల్ ఆఫ్ ఎంట్రీ సొంతంగా వేస్తుంటే సంతకం దగ్గర తిరిగొస్తోంది

ఆటోనగర్‌లో మాది చిన్న యూనిట్. కొరియా నుంచి మెషీన్ విడిభాగాలు విశాఖ సీపోర్టుకు వస్తాయి. ఇన్నాళ్లూ కస్టమ్స్ బ్రోకర్ చూసుకునేవారు, ఈసారి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే డిక్లరేషన్) మేమే వేస్తున్నాం. ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) మీద కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో రిజిస్ట్రేషన్ అయింది. క్లాస్ 3 డిజిటల్ సంతకం టోకెన్ మా పార్ట్‌నర్ పేరు మీదే ఉంది, రిజిస్ట్రేషన్‌లోనూ అదే పేరు.

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ ఆ టోకెన్‌తోనే ఈ-సంచిత్‌లో (ఐస్‌గేట్‌లో పత్రాలు అప్‌లోడ్ చేసే చోటు) ఎక్కాయి, ఒక్కో పత్రానికి ఐఆర్ఎన్ అనే రిఫరెన్స్ నంబర్లూ వచ్చాయి. విశాఖ సీపోర్టు కోడ్ ఐఎన్‌వీటీజెడ్1తో తయారుచేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్ మాత్రం, పంపిన పది నిమిషాలకే సంతకం సరిపోలలేదని వెనక్కి వచ్చేస్తోంది.

టోకెన్ గడువు ఇంకా ఉంది. ప్రొఫైల్‌లో సర్టిఫికెట్ మళ్లీ అప్‌డేట్ చేశాం. సంతకం పెట్టాక ఫైల్ తెరవను కూడా లేదు. వేరే కంప్యూటర్‌లోనూ అదే తంతు. హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెట్టాం, జవాబు రావాలి.

ఓడ శుక్రవారం వస్తుంది. గురువారం ముగిసేలోపు వేయకపోతే ఆలస్య రుసుము మొదటి మూడు రోజులు రోజుకు రూ.5,000, ఆ తర్వాత రోజుకు రూ.10,000. టెన్షన్ అంతా దానికే. మళ్లీ బ్రోకర్ దగ్గరికే వెళ్లమని మాత్రం చెప్పకండి, ఆ దారి మాకూ తెలుసు.

సొంతంగా ఫైల్ చేసేవాళ్లను అడుగుతున్నా: ఈ-సంచిత్‌లో చెల్లిన సంతకం బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్‌కు చెల్లకపోతే మీరు ఏ సెట్టింగ్ మార్చారు?