మావీలో మూడు రోజులు, మూడు ఓటములు: యూకాన్ జట్టుకు ఏమైంది?

పాత హస్కీ | 28 నవంబర్ 2024

వరుసగా రెండేళ్లు, 2023లోనూ 2024లోనూ, జాతీయ చాంపియన్‌షిప్ గెలిచిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ (యూకాన్) పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఈ వారం దేశంలో రెండో ర్యాంకుతో హవాయీలో జరిగే మావీ ఇన్విటేషనల్ టోర్నమెంటుకు వెళ్లి, సోమవారం మెంఫిస్ చేతిలో ఓవర్‌టైమ్‌లో (సమం అయితే ఆడించే అదనపు సమయంలో) 99-97తోను, మంగళవారం కొలరాడో చేతిలో 73-72తోను, బుధవారం డేటన్ చేతిలో 85-67తోను ఓడిపోయింది. ఆ మూడు జట్లలో ఒక్కటీ ఆ రోజు దేశంలోని మొదటి 25 జట్ల ర్యాంకుల పట్టికలో లేదు. నిన్నటి నుంచి మన హార్ట్‌ఫర్డ్ మిత్రుల గుంపులో వస్తున్న సందేశాలన్నీ రిఫరీల మీద ఆరోపణలే కనుక, నాకు కనిపించిన అసలు కారణాన్ని ఇక్కడ వివరంగా రాయదలచాను.

గత జట్టు మొదటి ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. స్టెఫాన్ కాజిల్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగు జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) నాలుగో స్థానంలో, డానవన్ క్లింగన్ ఏడో స్థానంలో ఎంపికయ్యారు. ట్రిస్టన్ న్యూటన్, క్యామ్ స్పెన్సర్ రెండో రౌండులో వెళ్లారు. మిగిలింది అలెక్స్ కారబన్ ఒక్కడే. ఇది అందరికీ తెలిసిన సంగతే, కానీ అందరూ దీన్ని పాయింట్ల లోటుగా చూస్తున్నారు. నాకు కనిపించే లోటు రింగు కింద ఉంది. 7 అడుగుల 2 అంగుళాల క్లింగన్ రింగు కింద నిలబడితే, ముందున్న గార్డు ఎదుటివాడి మీదికి ధైర్యంగా వెళ్లేవాడు. ఒకవేళ వాడు దాటిపోయినా వెనక ఒక గోడ ఉందని అతనికి తెలుసు. ఇప్పుడు ఆ గోడ లేదు. క్లింగన్ స్థానంలో ఆడుతున్న సామ్సన్ జాన్సన్ బంతి పట్టుకున్నవాణ్ని ఆపడానికి రింగు వదిలి చాలా దూరం బయటికి రావలసి వస్తోంది, అక్కడ చెయ్యి తగిలి ఫౌల్ అవుతోంది, ఫౌళ్లు పెరిగి బెంచ్ మీద కూర్చుంటున్నాడు. అతని బదులు వచ్చే టారిస్ రీడ్ మిషిగన్ నుంచి వచ్చి ఇంకా ఒక్క సీజన్ కూడా నిండలేదు.

మావీకి ముందు ఆడిన నాలుగు ఆటలూ బలహీనమైన జట్లతోనే కాబట్టి ఈ బీట బయటపడలేదు. ప్రతిసారీ 35 పాయింట్లు, అంతకంటే ఎక్కువ తేడాతో గెలిచి, మనమంతా, నాతో సహా, మూడో కప్పు గురించి మాట్లాడుకున్నాం. రక్షణ సరిచేసుకుంటే ఈ జట్టు మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటు నాటికి నిలబడుతుందని నా నమ్మకం.

మూడో వరుస | 28 నవంబర్ 2024

పాత హస్కీ గారూ, మీ వివరణ చదివాను. కానీ మెంఫిస్ ఆటలో ఓవర్‌టైమ్‌లో ఇంకా 40 సెకన్లు ఉండగా జరిగినదాన్ని మీరు ఒక్క వాక్యంలో కూడా ప్రస్తావించలేదు. స్కోరు 92-92. రీబౌండ్ (రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతి) కోసం మన లియమ్ మెక్‌నీలీ వెనక నుంచి ఎగిరాడని రిఫరీ ఫౌల్ ఇచ్చాడు. మన కోచ్ డాన్ హర్లీ ఆ నిర్ణయాన్ని చూసి సైడ్‌లైన్ దగ్గర వెల్లకిలా పడిపోయి నిరసన తెలిపారు, ఆ ప్రవర్తనకు విడిగా టెక్నికల్ ఫౌల్ పడింది. మెంఫిస్‌కు చెందిన పీజే కార్టర్ నాలుగు ఫ్రీత్రోలు వరుసగా వేశాడు. అందులో రెండు ఆటగాడి తప్పుకు, రెండు కోచ్ తప్పుకు. ఆట పోయింది రెండు పాయింట్లతో. ఇక్కడ గోడ ఉన్నదా లేదా అన్న ప్రశ్నే లేదు.

ఫ్రీత్రో | 28 నవంబర్ 2024

అసలు అది ఫౌలే కాదు. వెనక నుంచి ఎగరడం తప్పు కాదు, తాకిడి ఉంటేనే తప్పు.

మూడో వరుస | 28 నవంబర్ 2024

తాకిడి ఉంది. నేను పది సార్లు చూశాను. లేదనుకున్నా, టెక్నికల్ అన్నది ఆ నిర్ణయానికి వచ్చినది కాదు, దానికి కోచ్ ఇచ్చిన జవాబుకు వచ్చినది.

పాత హస్కీ | 29 నవంబర్ 2024

మూడో వరుస గారూ, ఆ రెండు ఫ్రీత్రోలూ కోచ్ ఖాతాలోనే వేద్దాం, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ 40 సెకన్లకు ముందు ఒక ఆట నిండా జరిగింది. అప్పటికే ఎదుటి జట్టుకు 92 పాయింట్లు ఇచ్చాం. మన ఆటగాడు సోలో బాల్ చివర్లో మూడు పాయింట్ల బంతి వేసి సమం చేయకపోయి ఉంటే ఓవర్‌టైమే లేదు, మీరంటున్న ఫౌలూ లేదు. పైగా, కొలరాడో ఆటనూ డేటన్ ఆటనూ ఆ ఫౌల్ ఓడించలేదు కదా. కొలరాడోతో చివరి ఎనిమిది సెకన్లు ఉండగా వాళ్ల ఆటగాడు ఆండ్రే యాకిమోవ్‌స్కీ అదుపు తప్పుతూనే బంతిని రింగులో వేశాడు. అతణ్ని ఆపేవాడు అక్కడ లేడు. డేటన్ ఆటకు కారబన్ తలకు దెబ్బ తగిలి ఆడలేదు, 18 పాయింట్ల తేడాతో ఓడాం. మూడు ఆటల్లోనూ ఉన్నది ఒకే జబ్బు.

ఇంకొక్క మాట. నేను 2010 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి ఈ విశ్వవిద్యాలయం ఉన్న స్టోర్స్‌కు వచ్చాను. ఆ నవంబర్‌లో కెంబా వాకర్ ఆడిన మన జట్టు ఇదే మావీలో కెంటకీని 84-67తో ఓడించి కప్పు తెచ్చింది. ఆ తరవాత మన లీగు బిగ్ ఈస్ట్‌లో 9 గెలిచి 9 ఓడింది. ఫిబ్రవరి చలిలో మన జట్టు ఆడే గ్యాంపెల్ పెవిలియన్ నుంచి గదికి నడుస్తూ ఈ జట్టు అయిపోయిందని మేమే అనుకున్నాం. మార్చిలో అదే జట్టు ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి బిగ్ ఈస్ట్ టోర్నమెంటునూ, ఏప్రిల్‌లో జాతీయ చాంపియన్‌షిప్‌నూ తెచ్చింది. మావీలో గెలిచినప్పుడు అది దేనికీ హామీ కాలేదు. ఓడినప్పుడు మాత్రం తీర్పు ఎలా అవుతుంది?

రాకీహిల్ అమ్మ | 29 నవంబర్ 2024

నాకు ఈ ఆట అంతగా తెలియదు. మా అబ్బాయి ఈ ఏడే అక్కడ చేరాడు కాబట్టి వాడితో కలిసి చూస్తున్నాను. ఆ మెక్‌నీలీ కూడా మొదటి సంవత్సరం విద్యార్థేనట. మా వాడి ఈడు పిల్లవాడి మీద అంత పెద్ద మాటలు పడుతుంటే చూడటం కష్టంగా ఉంది.

మూడో వరుస | 29 నవంబర్ 2024

అమ్మా, మీరు అన్న మాటే నేనూ చెప్పదలచుకున్నది, కానీ నేను ఆ పిల్లవాణ్ని అనడం లేదు, బెంచ్ వైపు చూపిస్తున్నాను.

పాత హస్కీ గారూ, మీరు ఫౌళ్లను ఎత్తుతో, అనుభవంతో వివరిస్తున్నారు. నేను వాటిని మరో విధంగా చూస్తాను, దానికి నాకు కారణం ఉంది. 1998లో నేను మా జిల్లా జూనియర్ జట్టులో ఆడాను. సిమెంటు కోర్టు, సున్నంతో గీసిన గీతలు, వల లేని రింగు. మా పీఈటీ మాస్టారు కోర్టు పక్కన విజిల్ నోట్లో పెట్టుకుని మా వెంటే అటూ ఇటూ నడిచేవారు. తప్పు జరిగితే విజిల్ తీసేవారు, అంటే ఇక మాటలు మొదలవుతాయని మాకు అర్థం. జోన్ స్థాయి ఆటలో ఎదుటి జట్టు అబ్బాయి నా పక్క నుంచి దాటిపోతున్నప్పుడు నేను చూసినది బంతిని కాదు, మాస్టారి నోట్లో విజిల్ ఉందా లేదా అని. చూసి తిరిగేలోగా ఆలస్యమైంది, వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను, ఐదో ఫౌల్, ఆట నుంచి బయటికి. ఆ రోజు ఆయన అందరి ముందు అన్న మాట ఇక్కడ రాయను. ఆ తరవాత నేను బంతి పట్టలేదు.

అందుకే మావీలో మన కుర్రాళ్లు ఫౌల్ అయిన ప్రతిసారీ తల బెంచ్ వైపు తిప్పడం నాకు ముందుగా కనిపించింది. రిఫరీ వైపు తిరగాలి, లేదా తమ మనిషిని వెతుక్కోవాలి. వాళ్లు కోచ్ ముఖం చూస్తున్నారు. భయపడే కాలు అర అడుగు వెనక ఉంటుంది, ఆ అర అడుగును చెయ్యి పూడ్చబోతుంది, అది ఫౌల్ అవుతుంది.

ఫ్రీత్రో | 29 నవంబర్ 2024

ఆటలో ఏ జట్టు కుర్రాళ్లైనా బెంచ్ వైపు చూస్తారు. ఎత్తుగడ అక్కణ్నుంచే వస్తుంది.

పాత హస్కీ | 29 నవంబర్ 2024

మూడో వరుస గారూ, మీకు జరిగినది అన్యాయమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మీ జిల్లా జట్టులో జరిగినదాన్ని తెచ్చి హర్లీ జట్టుకు అంటగట్టడం సబబు కాదు. 2022-23లో ఈ కోచే, ఇదే గొంతుతో, జట్టును 14 వరుస విజయాలతో మొదలుపెట్టి, ఆ తరవాత ఎనిమిది ఆటల్లో ఆరు ఓడారు. అప్పుడూ ఆయన సైడ్‌లైన్ దగ్గర ఇలాగే ఉన్నారు. అదే జట్టు హ్యూస్టన్‌లో శాన్ డియాగో స్టేట్‌ను 76-59తో ఓడించి కప్పు ఎత్తింది. మరుసటి ఏడు 37 గెలిచి మూడే ఓడింది. ఆ రెండేళ్ల జాతీయ టోర్నమెంటులో 12 ఆటలూ పది పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలిచారు. భయపడే కాళ్లు అంత తేడాతో గెలుస్తాయా?

ఇంకా సూటిగా అడుగుతాను. ఏప్రిల్ 8న ఫైనల్లో పర్డ్యూను 75-60తో ఓడించిన రాత్రి ఈ వేదిక మీదే మీరు హర్లీ పట్టుదలను పొగుడుతూ రాశారు. ఎన్‌బీఏ జట్టు లేకర్స్ వాళ్లు కోచ్‌గా రమ్మని ఆరేళ్లకు 7 కోట్ల డాలర్లు ఇస్తామన్నా జూన్‌లో ఆయన కాదన్నప్పుడు అందరికంటే ముందు సంతోషించినది మీరే. గెలిచినప్పుడు పట్టుదల, ఓడినప్పుడు క్రౌర్యం అంటే దాన్ని అభిప్రాయం అనరు. మీరు ఆనాడే ఆట వదిలేశారు, ఇవాళ జట్టును వదిలేస్తున్నారు.

మూడో వరుస | 29 నవంబర్ 2024

చివరి వాక్యం మీరు రాయకుండా ఉండవలసింది.

అవును, ఏప్రిల్‌లో పొగిడాను. కప్పు వచ్చిన రాత్రి నేను చూడవలసినది చూడలేదు, అది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ మీ లెక్క ఏమి చెబుతుంది? గెలుస్తున్నంత కాలం ఏమి చేసినా చెల్లుతుందని. హర్లీ తండ్రి బాబ్ హర్లీ జెర్సీ సిటీలో హైస్కూలు కోచ్‌గా ఎంత పేరు పొందారో, ఆ కోర్టులో క్రమశిక్షణ ఎంత కఠినమో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ ఇంట్లో పెరిగిన ఈ కొడుకే సీటన్ హాల్‌లో ఆడే రోజుల్లో ఒత్తిడి తట్టుకోలేక 1993లో కొంతకాలం జట్టుకు దూరమయ్యారు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, ఆ నిజాయితీకి నేను గౌరవం ఇస్తాను. నేను అడిగేది ఒక్కటే: అది అనుభవించిన మనిషి బెంచ్ ముందు నిలబడినప్పుడు, ఎదురుగా ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి ముఖం ఎలా ఉందో చూడాలా వద్దా? 67 పాయింట్లా 97 పాయింట్లా అన్నది నాకు ఆ తరవాతి సంగతి.

వేదిక నిర్వాహకులు | 29 నవంబర్ 2024

ఇద్దరూ వ్యక్తిగత వ్యాఖ్యలు మాని ఆట గురించి రాయవలసిందిగా మనవి. ‘వదిలేశారు’ అన్న వాక్యాన్ని తొలగించమని పాత హస్కీ గారిని కోరుతున్నాం.

పాత హస్కీ | 30 నవంబర్ 2024

దాన్ని తొలగించను, అలాగే ఉంచి కింద క్షమాపణ రాస్తాను. మూడో వరుస గారూ, ఆ మాట తప్పు, మన్నించండి.

రాత్రి మీ ప్రశ్న చాలాసేపు ఆలోచించాను. మనం మూడు రోజులుగా ఫౌల్ గురించీ గోడ గురించీ వాదించుకుంటున్నామనుకున్నాను, కానీ నేను వాదిస్తున్నది దాని గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. నేను వాలీబాల్ ఆడాను. మా కోచ్ మీ మాస్టారి కంటే మెత్తని మనిషేమీ కాదు. తెల్లవారుజామున ఐదింటికి పొలంగట్ల మీద పరుగెత్తించేవారు, ఆలస్యమైతే ఊరు వినేలా తిట్టేవారు. ఆ క్రమశిక్షణ వల్లే నాకు స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, దాని వల్లే నేను స్టోర్స్ చూశాను. కఠినత్వం మనిషిని నిలబెట్టదని మీరు అన్నప్పుడల్లా, నా జీవితంలో నన్ను నిలబెట్టినదాన్ని ఎవరో పీకేస్తున్నట్టు నాకు అనిపించింది. అందుకే అంత కోపం వచ్చింది. మా జట్టులో పన్నెండు మందిమి ఉండేవాళ్లం. మిగతావాళ్లలో ఎంతమంది ఆట మానేశారో నేను ఎన్నడూ లెక్క పెట్టలేదు.

అయినా రక్షణ విషయంలో నా అభిప్రాయం మారలేదు. డిసెంబర్ 4న గ్యాంపెల్‌లో బేలర్‌తో ఆట ఉంది. మనవాళ్లు వారిని 70 పాయింట్లకు లోపు ఆపితే బాగుపడుతున్నట్టు, లేకపోతే లేదు. ముందుగానే కొలత చెబుతున్నాను, తరవాత మార్చను.

రాకీహిల్ అమ్మ | 30 నవంబర్ 2024

మా అబ్బాయికి మీ ఇద్దరి రాతలూ చదివి వినిపించాను. ఆ ఆటకు వాడికి విద్యార్థుల టికెట్ దొరికిందట.

మూడో వరుస | 30 నవంబర్ 2024

క్షమాపణ అందింది, పాత హస్కీ గారూ. మీ కోచ్ మీకు చేసిన మేలును నేను కాదనను. ఆ పన్నెండు మందిలో మిగతా పదకొండు మంది ఏమంటారో వినాలని మాత్రం ఉంది. బేలర్ ఆటకు నాకూ సీటు ఉంది, ఎప్పటిలాగే మూడో వరుసలో.

మూడో వరుస | 5 డిసెంబర్ 2024

76-72తో గెలిచాం. సంతోషంగా ఉంది, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మీ కొలత ప్రకారం, పాత హస్కీ గారూ, రెండు పాయింట్లు ఎక్కువ ఇచ్చాం కాబట్టి రక్షణ ఇంకా కుదరలేదు. నా విషయం కూడా చెబుతాను. ఈసారి బంతినే చూడాలి, కోచ్‌ను చూడకూడదు అనుకుని వెళ్లి కూర్చున్నాను. రెండో అర్ధభాగంలో మనవాడు ఫౌల్ అయిన ప్రతిసారీ నా తల దానంతట అదే బెంచ్ వైపు తిరిగింది.

పాత హస్కీ | 5 డిసెంబర్ 2024

72 అంటే 72. కుదరలేదనే రాస్తున్నాను. ఆదివారం టెక్సస్‌తో ఆస్టిన్‌లో మళ్లీ చూద్దాం.