అభిషేక తైలం సీసాలో కొనుక్కొని రాసుకోవచ్చునా?

ప్రశ్న (గుంటూరు లూథరన్ సంఘ సభ్యురాలు):
మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అత్తగారు ఈ మధ్య ఒక స్వస్థత కూడికలో చిన్న సీసాడు ‘అభిషేక తైలం’ కొని తెచ్చుకొని, రోజూ పడుకునే ముందు రాసుకుంటున్నారు. నిర్గమకాండము 30వ అధ్యాయంలో చెప్పిన తైలమే ఇదని సీసా మీద అచ్చువేశారు. మా సంఘంలో బాప్తిస్మానికి గానీ, రోగుల ప్రార్థనకు గానీ నూనె వాడగా నేను చూడలేదు, కానీ మా పక్కింటి కథోలికుల గురువులు వాడతారట. దీనికి వాక్యాధారం ఎంతవరకు ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కథోలిక ఉపదేశి):
మా దగ్గర తైలాలు మూడు ఉన్నాయి. జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) ముందు పూసేది ఒకటి, వ్యాధిగ్రస్తులకు పూసేది ఒకటి. మూడవదైన క్రిస్మా తైలంలో పరిమళ ద్రవ్యం కలుపుతారు. దీనిని జ్ఞానస్నానం పొందినవారి నడినెత్తికి, భద్రమైన అభ్యంగనంలో (విశ్వాసాన్ని స్థిరపరచే సంస్కారంలో) నుదుటికి, గురుపట్టం పొంది గురువులయ్యేవారి అరచేతులకు, కొత్త గుడి బలిపీఠానికి పూస్తారు. పవిత్ర వారంలో, సాధారణంగా గురువారం ఉదయం, పీఠాధిపతి (బిషప్పు) తన గురువులందరి నడుమ వీటిని ఆశీర్వదించి విచారణలకు, అంటే స్థానిక సంఘాలకు, పంపుతారు. రోగి ఇంటికి వచ్చే గురువు దగ్గర ఉండేది నూనెలో తడిపిన దూది పెట్టిన చిన్న లోహపు డబ్బీ మాత్రమే. బొటనవేలు దానికి అద్ది, ప్రార్థన చెబుతూ నుదుటికి, రెండు చేతులకు పూస్తారు. పూర్వం కళ్లు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, పాదాలు అన్నింటికీ పూసేవారు. 6వ పౌలు పాపుగారు 1972లో దానిని ఇలా సరళం చేయడమే కాక, ఒలీవ నూనె దొరకని ప్రాంతాలలో ఇతర మొక్కల నూనెను కూడా అనుమతించారు. ఈ తైలం చావుబతుకుల్లో ఉన్నవారికే పూస్తారన్న భయం మన పల్లెల్లో ఇంకా పోలేదు గానీ, తీవ్రమైన జబ్బు చేసిన వెంటనే గురువును పిలిపించుకోవచ్చు.

జవాబు (విశ్రాంత పాదిరి):
అమ్మా, మీ సంఘంలో నూనె కనబడకపోవడానికి చరిత్ర ఉంది. మీ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1523లో వెలువరించిన బాప్తిస్మ క్రమంలో నూనె పూయడం ఉండగా, 1526లో దానిని సవరించినప్పుడు తొలగించారు. అయినా రోగుల విషయంలో యాకోబు 5:14 స్పష్టంగానే ఉన్నది: రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థించాలి. తరువాతి వచనం స్వస్థతను విశ్వాససహితమైన ప్రార్థనకు ముడిపెట్టిందే తప్ప నూనెకు కాదు. ఇక ఆ సీసా మీది మాట నాకు మింగుడు పడలేదు. నిర్గమకాండములోని తైలం గోపరసం, లవంగిపట్ట వంటి సుగంధ ద్రవ్యాలను తూకం ప్రకారం ఒలీవ నూనెలో కలిపి, ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారాన్ని, బలిపీఠాన్ని, యాజకులను ప్రతిష్ఠించడానికి చేసినది. దానివంటిది మరొకటి చేయకూడదని, అన్యుల (యాజకులు కానివారి) మీద పోయకూడదని అదే అధ్యాయం 32, 33 వచనాలు కఠినంగా హెచ్చరిస్తున్నాయి. అది నిజంగా ఆ తైలమే అయితే అమ్మినవారే ఆ ఆజ్ఞను మీరినట్టు; కాకపోతే అచ్చువేసినది అబద్ధం.

జవాబు (పెంతెకొస్తు విశ్వాసి):
తైలం అమ్మేవారిని చూసి మా అందరినీ ఒకే గాట కట్టవద్దని మనవి. మా సంఘంలో కిరాణా కొట్టులో కొన్న ఒలీవ నూనెనే పెద్దలు ప్రార్థించి రోగికి రాస్తారు, దానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోరు, వైద్యుడిచ్చిన మందులు మానమని కూడా చెప్పరు. మీ అత్తగారి చేతిలోంచి సీసా లాక్కోకండి; మీ పాదిరిగారిని, ఇద్దరు పెద్దలను ఇంటికి పిలిపించి ఆమె కొరకు ప్రార్థన చేయించండి, ఎముకల వైద్యుడికి కూడా తప్పక చూపించండి.